రుచి చూసి కొనండి: పచ్చళ్ల దుకాణాల్లో ఉచిత శాంపిల్ బల్ల మీద సమీక్ష

పచ్చడి అమ్మడానికి రుచి చూపించడాన్ని మించిన ప్రచారం లేదు. సీసా మీద బొమ్మ చూసి ఆవకాయలో ఉప్పు సరిపోయిందో లేదో ఎవరూ చెప్పలేరు. రంగును బట్టి కారం అంచనా వేద్దామన్నా కుదరదు. బ్యాడిగి మిరప నిప్పులా ఎర్రగా ఉంటుంది గానీ కారం తక్కువ, గుంటూరు సన్నాలు దానికన్నా బాగా ఘాటు. వెల్లుల్లి వేశారా లేదా, నువ్వుల నూనా వేరుశనగ నూనా, ముక్క గట్టిగా ఉందా మెత్తబడిందా అన్నవి నాలుకకే తెలుస్తాయి. అందుకే హైదరాబాదులోని స్వగృహ దుకాణాల నుంచి గోదావరి జిల్లాల్లో రోడ్డు పక్క స్టాల్స్ దాకా చాలామంది ఓ బల్ల వేసి, నాలుగు జాడీలు పెట్టి, "ముందు రుచి చూడండి, తర్వాతే కొనండి" అంటున్నారు.

ఈ సమీక్ష ఆ బల్ల గురించి. ఏ ఒక్క దుకాణం గురించీ కాదు, ఈ అమ్మకపు పద్ధతి గురించి. పద్ధతికి నిండు మార్కులు ఇవ్వాలి. నడిపే తీరుకు మాత్రం సగం ఇవ్వడం కూడా కష్టమే. ఖర్చు పెట్టి, మనిషిని పెట్టి, మంచి పచ్చడిని చెడ్డగా రుచి చూపిస్తున్న చోట్లు ఎక్కువ. అది సరిదిద్దుకోదగ్గ విషయం కాబట్టే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

మొదటి లోపం, అన్నిటికన్నా పెద్దది: ఉత్త పచ్చడిని చెంచాతోనో పుల్లతోనో అందించడం, లేదా అరచేతిలో వెయ్యడం. పచ్చడి అలా తినడానికి పెట్టింది కాదు. ముద్దలో పచ్చడి ఒక వంతు ఉంటే అన్నం నాలుగైదు వంతులు ఉంటుంది. ఆ లెక్కకే ఉప్పూ కారమూ పులుపూ పడతాయి. అన్నం లేకుండా నాలుక మీద పెడితే ఎంత మంచి ఆవకాయైనా "అబ్బో, ఉప్పు ఎక్కువ" అనిపించుకుంటుంది. ఆ మాట విన్న కొట్టువాళ్లు కొందరు తర్వాతి దఫాలో ఉప్పు తగ్గిస్తారు. నిల్వ పచ్చడిలో ఉప్పు తగ్గితే ముక్క మెత్తబడుతుంది, బూజు త్వరగా పడుతుంది. బల్ల దగ్గర తప్పుగా చూపించిన రుచి తయారీనే పాడుచేస్తుందన్నమాట. నష్టం ఆ పూట అమ్మకంతో ఆగదు.

సరైన కొలత ఇది: నాలుగు గ్రాముల పచ్చడి, పద్దెనిమిది గ్రాముల వేడన్నం, రెండు చుక్కల నెయ్యి లేదా నూనె. చిన్న దొన్నెలో ఒక్క ముద్దగా ఇవ్వాలి. అరకిలో బియ్యం వండితే దాదాపు కిలో మూడు వందల గ్రాముల అన్నం వస్తుంది, అంటే డెబ్భై ముద్దలు. పాత సోనా మసూరి అయితే పొడిపొడిగా ఉండి పచ్చడి సమంగా కలుస్తుంది. కొత్త బియ్యం అంటుకుపోయి ఒకచోట కారం, ఒకచోట చప్పదనం తగులుతుంది. బల్ల కిందో పక్కనో చిన్న కరెంటు కుక్కర్ చాలు. పొద్దున్నే మూడు కిలోలు వండి సాయంత్రం దాకా సాగదీయడం వద్దు. అరకిలో చొప్పున వండి, ప్రతి రెండు గంటలకూ కొత్తది దించాలి. వండిన అన్నం అరవై డిగ్రీల పైన వేడిగా ఉంటే ఇబ్బంది లేదు. గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అందులో పెరిగే సూక్ష్మజీవులు వాసనలోనూ రంగులోనూ బయటపడవు, కడుపులో పడ్డాకే తెలుస్తాయి. అప్పుడు నింద పచ్చడి మీదికే వస్తుంది.

అన్నం పెట్టే వీలు లేని చోట చిటికెన వేలంత ఇడ్లీ ముక్క గానీ, ఉప్పు వెయ్యని చిన్న పుల్కా ముక్క గానీ వాడొచ్చు. బిస్కెట్లు, బ్రెడ్డు వద్దు. వాటిలోని తీపి వల్ల పచ్చడి పులుపు తేలిపోతుంది, ఇంటికెళ్లి అన్నంలో కలుపుకుంటే అదే రుచి రాదు.

రెండో లోపం వరుస. బల్ల మీద అందరికీ ముందు కనిపించేలా కొరివికారం (పండుమిరప పచ్చడి) పెడతారు, రంగు బాగుంటుందని. అది తిన్నాక నాలుకకు ఇంకేమీ తెలియదు. తర్వాత గోంగూర ఇచ్చినా, ఉసిరికాయ ఇచ్చినా మంట ఒక్కటే మిగులుతుంది. వరుస తక్కువ నుంచి ఎక్కువకు వెళ్లాలి: ముందు టమాటా లేదా ఉసిరి, తర్వాత గోంగూర, ఆ తర్వాత మాగాయ, ఆవకాయ, చివర పండుమిరప. బెల్లం ఆవకాయను కారం ఆవకాయకు ముందే ఇవ్వాలి, వెనక ఇస్తే తీపి కూడా మంటలో కలిసిపోతుంది. రొయ్య, కోడి పచ్చళ్లుంటే వేరే బల్ల, వేరే చెంచాలు, వేరే మనిషి. ఒకే చేత్తో రెండూ వడ్డిస్తే శాకాహారులు ఆ దుకాణం మెట్లు మళ్లీ ఎక్కరు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఒక్కొక్కరికి మూడు రకాలు చాలు. నాలుగో రకం నుంచి రుచి తేడా పట్టుకోవడం కష్టం, ఎంచుకోవడం ఇంకా కష్టం. పదిహేను జాడీలు తెరిచి పెడితే జనం మూగుతారు, అన్నీ నాకి "మళ్లీ వస్తాం" అని వెళ్తారు. వచ్చినవాళ్లను "అన్నంలోకా, టిఫిన్లోకా? కారం ఎంత తింటారు?" అని రెండే ప్రశ్నలడిగి, ఆ జవాబును బట్టి మూడు తీసి ఇచ్చే చోట అమ్మకం నిలకడగా ఉంటుంది. మధ్యలో మంచినీళ్లు పెడతారు గానీ వాటితో మంట తగ్గదు. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. చిన్న గ్లాసులో రెండు గుక్కల చిక్కటి మజ్జిగ ఇస్తే నాలుక తేరుకుంటుంది. ఖర్చు రూపాయి లోపే.

జాడీ సంగతి ఇక్కడే చెప్పాలి. రుచి చూపించే జాడీ రోజుకు వందసార్లు తెరుచుకుంటుంది. పైన తేలిన నూనె మొదటి ముప్పైమందికే వెళ్లిపోతుంది, ఆ తర్వాత వచ్చేవాళ్లకు అడుగున పొడిబారిన పిండీ ఉప్పు మేటలూ మిగులుతాయి. పొద్దున వచ్చినవాళ్లు మెచ్చుకున్న పచ్చడిని సాయంత్రం వచ్చినవాళ్లు తప్పుపట్టడానికి కారణం ఇదే. రెండు కిలోల జాడీ వద్దు, పావుకిలో పట్టే పింగాణీ లేదా గాజు గిన్నె పెట్టి, ఖాళీ అయినప్పుడల్లా కొత్తగా నింపాలి. నింపేముందు పెద్ద జాడీని అడుగు నుంచి కలపాలి. తడి చెంచా అస్సలు తగలకూడదు. తీసే చెంచా వేరు, నోటికి వెళ్లే చెంచా వేరు. ఎంగిలి పట్టింపు మనవాళ్లకు ఎక్కువ, ఉండాల్సిందే కూడా. ఒక్కసారి ఎంగిలి చెంచా జాడీలో పడటం చూసినవాళ్లు ఆ జాడీలోదే కాదు, అరలో సీలు వేసిన సీసాను కూడా నమ్మరు. రాత్రికి గిన్నెలో మిగిలింది తిరిగి జాడీలో పొయ్యకూడదు. పదీ ఇరవై గ్రాములకు ఆశపడి కిలోలు పోగొట్టుకున్నట్లవుతుంది.

ఆవకాయ ముక్క పెద్దది. ముక్క మొత్తం ఇస్తే పాతిక గ్రాములు పోతుంది, పిండి మాత్రమే ఇస్తే ముక్క ఎలా ఉందో తెలియదు. గోరంత ముక్క కోసి, టెంక పెంకు అంటి ఉన్న వైపు కూడా కొద్దిగా ఉండేలా, చెంచా కొసతో పిండి కలిపి ఇవ్వాలి. కొనేవాళ్లు చూడాల్సిందీ ఆ టెంక అంచునే. ముక్క అక్కడ విడిపోకుండా కరకరలాడితే కాయ సరైన ముదురుదనంలో కోసినట్టు.

ఇక నిజాయితీ సంగతి. బల్ల మీదున్నదీ అరలో ఉన్నదీ ఒకే దఫా కావాలి. ఈ ఒక్క నియమం తప్పితే మిగతావన్నీ ఎంత బాగా చేసినా దండగే. ఆవకాయ కలిపిన మూడో రోజున తిరగకలుపుతారు. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు ఊరితేగానీ ఆవఘాటు దిగి, ఉప్పూ పులుపూ ముక్కలోకి పట్టవు. మే నెలలో కలిపి, జూన్ మొదట్లోనే సీసాల్లో పెట్టి అమ్మేది ఒకటి, బల్ల మీద బాగా ఊరిన పాతది ఇంకొకటి అయితే, ఇంటికి తీసుకెళ్లినవాళ్లకు మోసపోయామనే అనిపిస్తుంది. రెండూ మంచివే కావచ్చు, కానీ రెండూ ఒకటి కాదు. కొత్త ఆవకాయే అమ్ముతుంటే కొత్తదే చూపించి, "ఇంకో మూడు వారాలకు ఘాటు దిగుతుంది" అని చెప్పాలి. అంత సూటిగా చెప్పే దుకాణాన్ని జనం గుర్తుపెట్టుకుంటారు. గిన్నె ముందు చిన్న అట్టముక్క మీద పచ్చడి పేరు, దఫా తేదీ, ఏ నూనె, వెల్లుల్లి ఉందా లేదా, వేరుశనగ నువ్వులు తగిలాయా అన్నవి రాసి పెట్టాలి. అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్లూ, వెల్లుల్లి తిననివాళ్లూ, వేరుశనగ పడనివాళ్లూ నోరు తెరిచి అడక్కుండానే తెలుసుకోగలగాలి. కొనేవాళ్లు కూడా అరలోంచి తీసిన సీసా మీది తేదీని ఆ అట్టముక్కతో పోల్చుకోవాలి. తేడా ఉంటే అడగాలి.

బల్ల దగ్గర నిలబడే మనిషి గురించి. ఊరికే తిన్నాం కదా, ఏదో ఒకటి కొనకపోతే బాగోదు అనే మొహమాటం మనవాళ్లలో గట్టిగా ఉంటుంది. ఉచిత శాంపిల్ పనిచేయడానికి రుచి ఒక కారణమైతే ఈ మొహమాటం రెండోది. దాన్ని పిండుకోవాలని చూస్తే ఒకసారి అమ్మకం జరుగుతుంది, రెండోసారి ఆ మనిషి రారు. "ఎంత తూచమంటారు?" అని చెంచా నోట్లో ఉండగానే అడగడం, సంచిలో వేసేసి బిల్లు చేతిలో పెట్టడం, బయటికి వెళ్తుంటే వెనకాలే రావడం వంటివన్నీ మానుకోవాలి. ముద్ద ఇచ్చాక పదిహేను సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఉండటం నేర్పాలి. పచ్చడి రుచి మొదటి క్షణంలో ఉప్పు, తర్వాత పులుపు, ఆ తర్వాత కారం, చివర ఇంగువో మెంతో వచ్చి నిలుస్తుంది. మధ్యలో మాటలు పెడితే అదంతా తెలియదు. బాగోలేదంటే వాదించకుండా "ఏది ఎక్కువైంది, ఉప్పా పులుపా?" అని అడిగి చీటీ మీద గీత పెట్టుకుంటే, వారం తిరిగేసరికి తయారీవాళ్లకు పనికొచ్చే లెక్క చేతికొస్తుంది. చాలా దుకాణాలు ఈ సమాచారాన్ని పట్టించుకోవు. శాంపిల్ బల్ల నుంచి వచ్చే ఫలంలో సగం విలువ అందులోనే ఉంది.

రుచి నచ్చాక చేతికందే దూరంలో చిన్న ప్యాకెట్ ఉండాలి. నచ్చిన పచ్చడి కిలో, అరకిలో సీసాల్లోనే ఉంటే, కొత్తగా రుచి చూసినవాళ్లు వెనకాడతారు. ఇంట్లో మిగతావాళ్లకు నచ్చుతుందో లేదో తెలియదు కదా. వంద గ్రాములు, పావుకిలో ప్యాకెట్లు గిన్నె పక్కనే, ధర పెద్ద అక్షరాలతో కనిపించేలా ఉండాలి. ధర అడిగితేగానీ తెలియకపోతే అడగకుండానే వెళ్లిపోయేవాళ్లు చాలామంది. బల్ల గుమ్మం దగ్గర, అర లోపల చివరన ఉన్న దుకాణాల్లో ఆ పది అడుగుల దూరంలోనే అమ్మకాలు జారిపోతుంటాయి.

ఇప్పుడు డబ్బు లెక్క. అంకెలు ఊరిని బట్టి మారతాయి, లెక్క వేసే తీరు మారదు. రోజుకు 150 మంది రుచి చూశారనుకుందాం. మనిషికి మూడు రకాలు, నాలుగేసి గ్రాములు, మొత్తం కిలో ఎనిమిది వందల గ్రాముల పచ్చడి. తయారీ ఖర్చు కిలోకు 300 రూపాయలనుకుంటే 540. అన్నం ఎనిమిది కిలోలకు పైచిలుకు, అంటే మూడు కిలోల పైన బియ్యం, 165. దొన్నెలు, చెంచాలు 150. మజ్జిగ 100. మనిషి కూలి 600. మొత్తం 1555 రూపాయలు, తలకు పది రూపాయల పైమాట. పావుకిలో ప్యాకెట్ మీద 55 రూపాయలు మిగిలేట్టయితే, ఆ రోజు ఖర్చు రాబట్టడానికి 29 ప్యాకెట్లు అదనంగా అమ్మాలి. ఐదుగురిలో ఒకరు కొనాలన్నమాట. పచ్చడి ఖర్చుకన్నా మనిషి కూలి ఎక్కువని గమనించండి. శాంపిల్ పరిమాణం రెండు గ్రాములకు తగ్గించి పొదుపు చేద్దామనుకుంటే మిగిలేది 270 రూపాయలు, పోయేది రుచి. కోత పెట్టాల్సింది గంటల్లో. రోజంతా బల్ల వెయ్యకుండా జనం వచ్చే సాయంత్రం నాలుగు గంటలు మాత్రమే వేస్తే కూలి సగమవుతుంది, రుచి చూసేవాళ్ల సంఖ్య పెద్దగా తగ్గదు.

"అదనంగా" అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. బల్ల దగ్గర తిని కొన్నవాళ్లందరూ బల్ల వల్లే కొన్నట్టు కాదు. ఎలాగూ ఆవకాయ కోసమే వచ్చినవాళ్లు పోతూపోతూ ఒక ముద్ద తింటారు. నిజం తెలియాలంటే నాలుగు శనివారాలు తీసుకోవాలి. మొదటిదీ మూడోదీ బల్ల వెయ్యాలి, రెండోదీ నాలుగోదీ వెయ్యకూడదు. బల్ల మీద పెట్టిన రకాల అమ్మకం మాత్రమే పోల్చాలి. ఆదివారాన్ని మంగళవారంతో, ఆవకాయల కాలాన్ని శ్రావణంతో, జీతాలు పడే మొదటి వారాన్ని నెలాఖరుతో పోల్చి సంబరపడకూడదు. నెలాఖరు వారం ఎప్పుడూ బల్ల లేని వైపే పడితే లెక్క తప్పుతుంది కాబట్టి మరుసటి నెల వరుస తిప్పాలి. ఇంకొక చిన్న పని: రుచి చూసి కొన్నవాళ్ల బిల్లు మీద "రు" అని గుర్తు పెట్టి, ఫోన్ నంబరు ఇచ్చినవాళ్లలో నెల, నెలన్నరలో ఎంతమంది తిరిగి వచ్చారో చూడాలి. పావుకిలో పచ్చడి ఓ చిన్న కుటుంబానికి అయిపోయే గడువు సుమారు అంతే. మొదటి రోజు అమ్మకంలో నష్టం కనిపించినా, తిరిగి వచ్చేవాళ్లు ఉంటే బల్ల నిలుస్తుంది. మొదటి రోజు బాగా అమ్మి, తిరిగి ఎవరూ రాకపోతే దఫాలోనో, మొహమాటపెట్టడంలోనో తప్పు ఉంది.

దుకాణం దాటి వెళ్తే ఫలితాలు మారిపోతాయి. హైదరాబాదు నాంపల్లిలో సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరిగే నుమాయిష్ 1938 నుంచీ ఉన్న ప్రదర్శన. జనానికి కొదవ లేదు. కానీ అక్కడికి వచ్చేవాళ్లు తిరగడానికీ చూడటానికీ వస్తారు, చేతిలో ఇంకా నాలుగు సంచులుంటాయి, నూనె కారే సీసా మొయ్యడానికి ఇష్టపడరు. అలాంటి చోట అన్నం ముద్దలు పంచడం వృథా. పొడులు చూపించాలి. కంది పొడి, కరివేపాకు పొడి, నల్లకారం నెయ్యి రాసిన చిన్న ఇడ్లీ మీద వేసి ఇవ్వాలి, ఉత్త పొడి అరచేతిలో పోస్తే దగ్గు వస్తుంది. అమ్మడానికి వంద గ్రాముల పొడి ప్యాకెట్, దాని మీద దుకాణం చిరునామా, ఆర్డర్ నంబరు.

సూపర్ మార్కెట్లలో యూనిఫాం వేసుకున్నవాళ్లు నిలబడి పంచే కౌంటర్లు చిన్న తయారీదారులకు ఖరీదు. చోటుకు అద్దె, ఏజెన్సీ మనిషికి కూలి, పైన దుకాణం మార్జిన్. ఆ మనిషికి పచ్చడి గురించి ఏమీ తెలియదు, నిన్న షాంపూ, ఇవాళ ఆవకాయ. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు: శనివారం సాయంత్రానికి ఆ రకం అరలో అయిపోవడం. రుచి చూసి మెచ్చినవాళ్లు ఖాళీ అర చూసి పక్క కంపెనీ సీసా తీసుకుంటారు, మన ఖర్చుతో వాళ్లకు అమ్మకం. కౌంటర్ పెట్టేముందు రోజే సరుకు లెక్క చూసుకుని, మామూలు వారాంతపు అమ్మకానికి కనీసం మూడింతలు చేర్చాలి. చిన్నవాళ్లకు ఈ పద్ధతిని సిఫారసు చెయ్యను.

పార్సిళ్లలో పెట్టే శాంపిల్ మాత్రం బంగారం లాంటి అవకాశం. అప్పటికే డబ్బు పెట్టి కొన్న మనిషి, తీరిగ్గా ఇంట్లో, వేడన్నంతో తింటారు. బల్ల దగ్గర ఎంత కష్టపడ్డా కుదరని పరిస్థితులు అవి. ఇరవై గ్రాముల పొడి ప్యాకెట్ పెడితే ఇద్దరు రెండు ముద్దలు కలుపుకోవచ్చు. నూనె పచ్చడి పెడితే రెండు కవర్లలో, రెండు వైపులా వేడితో సీలు వేసి పెట్టాలి. ఒక్క శాంపిల్ కారితే కొన్న సరుకంతా, లేబుళ్లతో సహా, జిడ్డవుతుంది. కొరియర్‌వాళ్లు ఎక్కువమంది అరకిలో మెట్లలో డబ్బు తీసుకుంటారు. పెట్టె బరువు 2.3 కిలోలుంటే ఎలాగూ రెండున్నర కిలోలకే బిల్లు, కాబట్టి శాంపిల్ రవాణా ఖర్చు సున్నా. అదే 1.99 కిలోలున్నప్పుడు ఇరవై గ్రాములు చేరిస్తే మెట్టు దాటి, శాంపిల్ ధరకు ఎన్నో రెట్లు రవాణాకే పోతుంది. ప్యాకింగ్ బల్ల దగ్గర కాటా పెట్టి, మెట్టుకు యాభై గ్రాముల ఖాళీ ఉంటేనే శాంపిల్ వెయ్యమని చెప్పాలి. అమెరికా పార్సిళ్లలో మాంసం పచ్చడి శాంపిల్ ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. అక్కడ మాంసం పదార్థాల మీద ఆంక్షలున్నాయి, చిన్న ప్యాకెట్ ఒక్కటి దొరికినా పెట్టె మొత్తం ఆగిపోవచ్చు. శాంపిల్ ఏదైనా, దాంతోపాటు "వేడన్నంలో, నెయ్యితో, మొదటి ముద్దలోకి" అని ఒక చీటీ ఉండాలి. లేకపోతే అది వంటింటి అరలో నెలలు పడి ఉంటుంది.

కొనేవాళ్లనే ఎంచుకుని ఇవ్వడం ఎంత పనిచేస్తుందో దక్షిణాదిలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1983లో తమిళనాడులోని కడలూరులో సి.కె. రంగనాథన్ 15,000 రూపాయల పెట్టుబడితో చిక్ షాంపూ మొదలుపెట్టారు. ఏ కంపెనీదైనా సరే, ఖాళీ షాంపూ సాచెట్లు ఐదు తెచ్చిస్తే ఒక చిక్ సాచెట్ ఊరికే ఇచ్చే పథకం పెట్టారు. వీధిలో ఎదురైన ప్రతివాళ్లకూ పంచలేదు, షాంపూ వాడే అలవాటున్నవాళ్లకే అందేలా చూశారు. ఖాళీ సాచెట్టే దానికి రుజువు. వాడకం పెరిగాక, చిక్ ఖాళీ సాచెట్లు తెస్తేనే ఉచితం అని షరతు మార్చారు. మొదటి మెట్టులో పోటీవాళ్ల కొనుగోలుదారులు వచ్చారు, రెండో మెట్టులో వాళ్లు నిలిచారు. పచ్చళ్ల దుకాణం దీన్ని హాయిగా వాడుకోవచ్చు: ఖాళీ సీసా తెస్తే, ఇంతవరకూ కొనని వేరే రకం యాభై గ్రాములు ఉచితం. ముందు ఏ దుకాణం సీసా అయినా సరే, ఆరు నెలల తర్వాత మన సీసాలకు మాత్రమే. తెచ్చిన సీసాలో మాత్రం తిరిగి పచ్చడి నింపకూడదు.

మిఠాయిల దగ్గరికొస్తే కష్టాలు వేరు. ఆత్రేయపురం పూతరేకు గాలి తగిలితే మెత్తబడుతుంది. ముందే ముక్కలు కోసి పళ్లెంలో పరిస్తే గంటలో పొర కరకరలు పోయి, నోట్లో కాగితంలా అంటుకుంటుంది. డబ్బా మూత వేసి ఉంచి, మనిషి వచ్చినప్పుడే కత్తెరతో అంగుళం వెడల్పున కోసివ్వాలి. బెల్లం రకం కన్నా పంచదార రకం పొడి ఎక్కువ రాలుతుంది, కాగితంలో పెట్టివ్వాలి. తాపేశ్వరం మడత కాజాను కోస్తే పాకం కారిపోతుంది, పాకం లేని కాజా కాజా కాదు. చిన్న కాజాలు విడిగా వేయించి పెట్టుకోవడమే దారి. మిఠాయి బల్లా పచ్చడి బల్లా పక్కపక్కన ఉండకూడదు, ఇంగువ, వెల్లుల్లి వాసనను నెయ్యి ఇట్టే పట్టేస్తుంది.

పన్ను విషయం చాలామంది పట్టించుకోరు. జీఎస్‌టీ మామూలు పద్ధతిలో కట్టే దుకాణం ఉచితంగా పంచిన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోకూడదు. సీజీఎస్‌టీ (కేంద్ర జీఎస్‌టీ) చట్టం సెక్షన్ 17(5)(హెచ్) అదే చెబుతోంది. తీసుకుని ఉంటే వెనక్కి ఇవ్వాలి. "ఒకటి కొంటే ఒకటి ఉచితం" లెక్క వేరు: రెండిటినీ కలిపి ఒకే ధరకు అమ్మినట్టే చూస్తారని 2019 మార్చి 7 నాటి జీఎస్‌టీ సర్క్యులర్ తేల్చింది, కాబట్టి క్రెడిట్‌కు అడ్డు లేదు. శాంపిల్‌కు ఎంత పోయిందో రోజూ ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే నెలాఖరున తంటా ఉండదు. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్నవాళ్లకు క్రెడిట్టే లేదు కాబట్టి ఈ బెడద లేదు.

ఒక్క సరుకు మాత్రం శాంపిల్ బల్ల ఎక్కకూడదు. స్వగృహ దుకాణాల్లో పసిపిల్లల ఉగ్గు పొడి అమ్ముతుంటారు, కొత్తగా తల్లులైనవాళ్లకు చిన్న ప్యాకెట్ ఊరికే ఇద్దామని ఎవరికైనా అనిపించవచ్చు. పాల డబ్బాలు, పాలసీసాలు, రెండేళ్లలోపు పిల్లల ఆహారం అమ్మకాలను నియంత్రించే 1992 నాటి కేంద్ర చట్టం, 2003 సవరణతో కలిపి, వాటి శాంపిళ్లు పంచడాన్ని నిషేధించింది. తల్లిపాలకు పోటీగా ప్రచారం జరగకూడదన్నది దాని ఉద్దేశం. ప్యాకెట్ ఎంత చిన్నదైనా, మంచి మనసుతో ఇచ్చినా, అది నేరమే. ఇంట్లో పెద్దవాళ్లు తాగే రాగి జావ పొడికి ఆ అడ్డు లేదు. దాన్ని పసిపిల్లల బొమ్మ లేని ప్యాకెట్‌లో, పసిపిల్లల పేరు ఎత్తకుండా, పల్చటి మజ్జిగలో కలిపి చిన్న గ్లాసుతో ఇవ్వొచ్చు.